గాయపడిన బంగారు చేప

అనంతపురము సీమలో నీటి విలువ నెరుగనివారు లేరు. ఇచ్చట సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. అదియైనను వేళకు రాదు. ఇట్టిచోట చేపలను పెంచువారు గొప్ప బాధ్యతను తలకెత్తుకొన్నట్లే.

నేను పనిచేసిన యొక పాఠశాలలో గాజుతొట్టి యొకటి యుండెను. అందు మూడు బంగారు చేపలు పెరుగుచుండెను. ఒక వేసవిలో ఒక విద్యార్థి చెరువునుండి కొర్రమీను పిల్లను తెచ్చి, వానికి తోడుగా నుండునని అందులో విడిచెను. మరునాడు చూడగా ఒక బంగారు చేప తోక చీలి, పొలుసు లూడి, అడుగున కదలక పడియుండెను.

ఇందు కొర్రమీను తప్పేమియు లేదు. అది స్వభావముచేతనే మాంసాహారి. బంగారు చేప యన్ననో, చైనాలో వేయి సంవత్సరములకు పూర్వమే మనుష్యులు మచ్చిక చేసిన సాధుజీవి. రెంటిని ఒకచోట చేర్చిన తప్పు మనదే. స్థలము చాలనప్పుడును, గ్రుడ్లు పెట్టు కాలమునను బంగారు చేపలు సైతము ఒకదాని నొకటి తరుముకొనును.

చేప శరీరముపై నుండు జిగురుపొర దానికి కవచము. అది చెదరినచో క్రిములును బూజును లోనికి చొచ్చును. మరియు చేప నెత్తురులోని యుప్పు మంచినీటిలోని యుప్పుకంటె నెక్కువ. గాన గాయముగుండా నీరు లోనికి చొరబడుచుండును. దానిని వెడలగొట్టుటకే చేప బలము వ్యయమగును.

కావున మొదట గాయపడిన చేపను వేరుచేయవలెను. మేము దానిని 10 లీటర్ల నీరు గల తొట్టిలో నుంచితిమి. లీటరునకు ఒక గ్రాము చొప్పున కల్లుప్పును వేరుగా కరగించి, మెల్లమెల్లగా కలిపితిమి. నీరు ఆవిరియైనను ఉప్పు ఆవిరికాదు. కనుక ఆవిరియైన మేరకు మంచినీటినే పోయవలెను. తీసివేసిన నీటికి మాత్రమే మరల ఉప్పు కలుపవలెను. బ్లీచింగు పొడి కలిసిన కుళాయినీటిని వెడల్పు పాత్రలో ఒక దినము నిలువయుంచి వాడవలెను. నీరు వేడెక్కినకొలది అందలి ప్రాణవాయువు తగ్గును. గాన తొట్టిని నీడ నుంచవలెను. మేత స్వల్పముగా వేయవలెను. మిగిలిన మేత క్రుళ్లి నీటిని విషముచేయును.

దినమునకు రెండున్నర లీటర్ల నీరు మార్చవలసియుండెను. ఆ వారము కుళాయిలో నీరు రాలేదు. పిల్లలు త్రాగు నీటిని చేపకు పోయుట న్యాయమా యని నేను సందేహించితిని. అప్పుడు కొర్రమీనును తెచ్చిన బాలుడే లేచి, “అయ్యవారూ, తప్పు నాది. మా యింటినుంచి దినమూ ఒక చెంబు నీళ్లు తెస్తాను” అనెను. తక్కినవారును తలకొక గ్లాసెడు తెచ్చిరి. ఎవరికిని దప్పి కలుగలేదు. చేపకును కొరత రాలేదు. పెద్దతొట్టినుండి తీసిన ఉప్పులేని నీటిని వేపమొక్కకు పోసితిమి.

కొన్ని వారములకు తోక యంచున పలుచని క్రొత్తపొర పొడమెను. రెక్క మొదలు చెడనిచో చేప దానిని మరల పెంచుకొనగలదు. కొర్రమీనును ఆ బాలుడు తానే చెరువులో విడిచివచ్చెను. ఔషధముకంటె ముందు వేరుచేయుట, శుభ్రమైన నీరు, ఓర్పు — గాయపడిన చేపకు ముఖ్యముగా వలసినవి యివియే. ప్రాణిని తెచ్చుటకు ముందే దాని స్వభావమును తెలిసికొన్నచో ఈ చికిత్సయే అవసరముండదు.