గులాబీ పురుగు - కంప్యూటర్ దొంగ

మాది జగ్గయ్యపేట దగ్గర పల్లెటూరు. ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట. 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. పత్తి, మిరప మా జీవనాధారం. నేను బి.ఎస్సి.లో కంప్యూటర్లు చదువుతున్నానంటే మా నాన్నకు అర్థమైంది ఒకటే, "వీడు బ్యాంకుల్లో ఉండే మిషన్ల చదువు చదువుతున్నాడు" అని.

మొన్న సెలవుల్లో పత్తి అమ్మిన డబ్బు బ్యాంకులో వేసి వచ్చి, "ఏరా, మన డబ్బు ఆ కంప్యూటర్లోంచే ఎవడన్నా లాగేస్తే ఎట్లా? దానికి గొళ్ళెం లేదు, తాళం లేదు గదా!" అన్నాడు. అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను గాని, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఈ వ్యాసం.

కంప్యూటర్ దొంగలు స్థూలంగా రెండు రకాలు. "మీకు లాటరీ తగిలింది" అంటూ ఊరందరి ఫోన్లకూ సందేశాలు పంపి, ఎవడు చిక్కితే వాణ్ణి దోచుకునేవాళ్ళు మొదటి రకం. రెండో రకం వాళ్ళు అలా కాదు. ఫలానా బ్యాంకు, ఫలానా కర్మాగారం అని ముందే గురి పెట్టుకుంటారు. లోపలికి దూరి నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి చప్పుడు చెయ్యకుండా కూర్చుంటారు. దీన్నే 'అడ్వాన్స్‌డ్ పర్సిస్టెంట్ థ్రెట్' అంటారు, పొట్టిగా ఎ.పి.టి. పట్టు విడవని దాడి అన్నమాట. ప్రభుత్వాల అండ ఉన్న ముఠాల విషయంలో ఈ పేరు ఎక్కువగా వాడతారు. ఐతే డబ్బు కోసం పనిచేసే ముఠాలూ ఇదే దారి పట్టాయి.

ఇది పత్తి రైతుకు తెలియని సంగతి కాదు. గులాబీ రంగు పురుగు చూడండి. పూత మీదా లేత కాయ మీదా గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు సూది మొనంత రంధ్రం చేసుకుని కాయలోకి పోతుంది. కాయ పెరిగేకొద్దీ ఆ రంధ్రం పూడుకుపోతుంది. పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల గింజ తింటున్న సంగతి కాయ పగిలాక, గుడ్డిపత్తి చేతికొచ్చాక గాని తెలియదు. అప్పుడు ఏ మందు కొట్టి ఏం లాభం?

మన తెలుగువాళ్ళకు దగ్గర్లో జరిగిన ఉదాహరణ హైదరాబాదులోని ఎ.పి. మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు. 2022 జనవరిలో ఒక వారాంతంలో ఆ బ్యాంకు నుంచి దాదాపు 12 కోట్ల 48 లక్షల రూపాయలు పోయాయి. దొంగతనం జరిగింది జనవరిలో. కాని గుడ్డు పెట్టింది 2021 నవంబరులో! పోలీసుల దర్యాప్తు ప్రకారం, ఆ నెలలో బ్యాంకు సిబ్బందికి దాదాపు 200 మోసపు ఈమెయిళ్ళు వచ్చాయి. తెరిచింది ఇద్దరు. ఆ ఇద్దరి కంప్యూటర్లలోకి దూరిన ప్రోగ్రాము, వాటిని దూరం నుంచి నడిపే వీలు దొంగలకు కల్పించింది. అక్కడి నుంచి నెమ్మదిగా ఒక్కొక్క మిషనూ దాటుకుంటూ, పాస్‌వర్డులు పట్టుకుని, అసలు లెక్కలుండే చోటికి చేరారు. డబ్బును కొన్ని ఖాతాల్లోకి మళ్ళించి, అక్కడి నుంచి వేరే బ్యాంకుల్లోని వందకు పైగా ఖాతాలకు చల్లేశారు. మొదటి ఈమెయిలుకూ దొంగతనానికీ మధ్య రెండు నెలలు బ్యాంకు ఎప్పటిలాగే నడిచింది. పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంది! సైబర్ భద్రత నిబంధనలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కథా ఇంతే. ఉద్యోగానికి దరఖాస్తు అన్నట్టుగా 2015 జనవరిలో ఈమెయిళ్ళు వచ్చాయి. 2016 ఫిబ్రవరిలో, వారాంతపు సెలవులు చూసుకుని, 95 కోట్ల 10 లక్షల డాలర్లు లాగబోయారు. చాలా భాగం మధ్యలో ఆగిపోయినా 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు చేరాయి. ఇంచుమించు ఏడాది పాటు ఓపిక పట్టారన్నమాట.

కొందరికి కావలసింది డబ్బు కాదు, సమాచారం. చైనా సైన్యంతో సంబంధం ఉందంటూ ఒక ముఠా మీద మాండియంట్ అనే అమెరికా కంపెనీ 2013లో నివేదిక వెలువరించింది. ఆ ముఠా ఒక్కో సంస్థలో సగటున 356 రోజులు తిష్ఠ వేసిందట. ఒకచోటైతే 1,764 రోజులు! మన పక్క రాష్ట్రంలోని కూడంకుళం అణువిద్యుత్ కేంద్రంలోనూ, ఇంటర్నెట్టుకు కలిపి ఉన్న ఒక కార్యాలయ కంప్యూటర్లో ఇలాంటి ప్రోగ్రాము 2019లో బయటపడింది. రియాక్టరు నడిపే వ్యవస్థ దానితో సంబంధం లేకుండా విడిగా ఉంది కాబట్టి దానికి ముప్పు రాలేదని అధికారులు ప్రకటించారు.

ఆ "విడిగా" అన్న మాటలోనే మందు ఉంది. ప్రహరీ ఎంత ఎత్తు కట్టినా ఎవడో ఒకడు దూరుతాడనే అనుకోవాలి. దూరినవాడు చేనంతా తిరక్కుండా మధ్యలో గట్లు వెయ్యాలి, అంటే నెట్‌వర్కును ముక్కలుగా విడదియ్యాలి. పురుగు పడిన చేలో విచ్చుకోని గుడ్డిపూలు కనిపిస్తాయి. అర్ధరాత్రి ఎవరో లాగిన్ కావడం, గుమాస్తా ఖాతా నుంచి మేనేజరు చెయ్యాల్సిన పని జరగడం కంప్యూటర్లో గుడ్డిపూలు. నాన్న రోజూ పొద్దున్నే లింగాకర్షక బుట్టల్లో ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో లెక్క చూస్తాడు. అలాగే కంప్యూటర్ రాసిపెట్టే చిట్టాలను రోజూ చదివే మనిషి ఉండాలి. పంట అయ్యాక పత్తి కట్టె పీకెయ్యకపోతే పురుగు దాన్లోనే బతికి మళ్ళీ ఏడు లేస్తుంది. ఉద్యోగం మానేసినవాళ్ళ ఖాతాలు తీసెయ్యకపోయినా అంతే. పెద్ద మొత్తం కదలాలంటే ఇద్దరు ఒప్పుకోవాలనే నియమమూ ఉండాలి.

ఇదంతా పట్నం గొడవ అనుకోవద్దు. పల్లెల్లోని ప్రాథమిక సహకార సంఘాలను కంప్యూటరీకరించే పథకానికి కేంద్ర ప్రభుత్వం 2022 జూన్‌లో ఆమోదం తెలిపింది. 63,000 సంఘాలు, 2,516 కోట్ల రూపాయల అంచనా. మంచిదే, రైతుకు రాతకోతల తిప్పలు తగ్గుతాయి. కాని మా నాన్న అప్పు, పక్కింటి బాబాయి పొదుపు అన్నీ ఆ మిషన్లోకే పోతాయి.

ఊరు చెప్పను గాని, ఒక ఆఫీసులో కంప్యూటర్ తెరకు పాస్‌వర్డు రాసిన కాగితం అంటించి ఉండగా చూశాను. ముగ్గురు గుమాస్తాలకూ అదొక్కటే. లోలోపల నవ్వుకున్నాను. హాస్టలుకొచ్చాక గుర్తొచ్చింది, నా పాస్‌వర్డు మా గదిలో ముగ్గురికి తెలుసు! ఆ రాత్రే మార్చాను.

ఇంకొక్క మాట. పురుగు పడిందని దాచుకున్న రైతు పక్క చేలనూ పాడు చేస్తాడు. దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లోగా సి.ఇ.ఆర్.టి. - ఇన్‌కు తెలియజెయ్యాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశాలు వచ్చింది ఇందుకే. పరువు పోతుందని దాస్తే పోయేది పరువొక్కటే కాదు.

మిత్రులారా, మనలో చాలామందిమి రేపు బ్యాంకుల్లో, సంఘాల్లో, ఆఫీసుల్లో కుర్చీల్లో కూర్చుంటాం. ఆ 200 ఈమెయిళ్ళలో ఒకటి మనకూ రావచ్చు. దాన్ని తెరిచే చెయ్యి మనదే కావచ్చు. అనుమానం వచ్చిన ఉత్తరం గురించి పక్కవాణ్ణి అడగడం నామోషీ కాదు.

నాన్నకు చివరికి నేను చెప్పిన జవాబు ఇది: "తాళం ఉంది నాన్నా. కాని తాళం వేసి నిద్రపోతే చాలదు. రోజూ కాయ కోసి చూసే మనిషి ఉండాలి." నాన్న కాసేపు ఆలోచించి, "మరి ఆ మనిషివి నువ్వవుతావా?" అన్నాడు.

అవుదామనే చదువుతున్నాను.