ఒహాకా రొట్టెలో చిటికెడు సున్నం

దక్షిణ మెక్సికోలోని ఒహాకా నగరంలో మంచి భోజనం కోసం పెద్ద హోటళ్లు వెతుక్కోనక్కర్లేదు. ఊరి నడిబొడ్డునే పక్కపక్కన రెండు పాత మార్కెట్లున్నాయి. ‘20 దె నొవియెంబ్రె’ మార్కెట్‌లో ఒక వరసంతా పొగే. మాంసం ఎంచుకుంటే బొగ్గుల మీద అక్కడికక్కడే కాల్చిస్తారు. పక్కనున్న ‘బెనితో హువారెస్’లో వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు పట్టించి వేయించిన మిడతలు గంపల్లో పోసి అమ్ముతారు. ప్రొటీన్ బాగానే ఉంటుంది, ధైర్యమే కావాలి!

ఊరికి పేరు తెచ్చిన వంటకం మాత్రం త్లాయుదా. మన పుల్కాకు రెండింతలుండే మొక్కజొన్న రొట్టె మీద నల్ల చిక్కుడు గింజల ముద్ద, పోగుల్లా విడిపోయే చీజ్, క్యాబేజీ వేసి కాలుస్తారు. శాకాహారులు ఒక్కమాట గుర్తుంచుకోవాలి. అడుగున పంది కొవ్వు రాయడం అక్కడి ఆనవాయితీ. ‘సిన్ ఆసియెంతో’ అంటే అది లేకుండా ఇస్తారు. చిక్కుడు ముద్దలోనూ కొవ్వు కలిపారేమో అడగండి.

అసలు సంగతి ఆ రొట్టెలోనే ఉంది. మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి రుబ్బుతారు. వేల ఏళ్ల నాటి పద్ధతి. మొక్కజొన్నలోని నియాసిన్ (బి3 విటమిన్) చాలావరకు ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. సున్నం దాన్ని విడిపిస్తుంది, క్యాల్షియమూ పెంచుతుంది. ఐరోపావాళ్లు గింజ తీసుకెళ్లారు గానీ సున్నాన్ని వదిలేశారు. మొక్కజొన్నే తిని బతికిన అక్కడి పేదలకు పెల్లాగ్రా పట్టుకుంది. ఎండ తగిలిన చోట చర్మం పగిలి, విరేచనాలై, చివరికి మతి తప్పే జబ్బది. మన దక్కన్‌లోనూ జొన్నే ప్రధానంగా తినే పేదల్లో అది కనిపిస్తే, 1960ల్లో డాక్టర్ సి.గోపాలన్ బృందం హైదరాబాద్‌లో పరిశోధించింది. జొన్నరొట్టెకు పప్పు, పాలు తోడైతే బెంగ లేదు. ఒహాకాలో ఆ తోడు చిక్కుడుదే. అలాగని ఇంట్లో గోడ సున్నంతో ప్రయోగాలు చేయకండి.

ఇంత మంచి తిండి ఉన్నచోటా కూల్‌డ్రింకుల బెడద తప్పలేదు. పిల్లలకు తీపి పానీయాలు, ప్యాకెట్ చిరుతిళ్లు అమ్మకూడదంటూ 2020లో ఒహాకా రాష్ట్రం చట్టమే చేసింది. దాహమేస్తే మార్కెట్‌లోనే తెహాతే తాగొచ్చు. మొక్కజొన్న, కోకో నూరి, నురగ తేలేదాకా చేత్తో గిలక్కొట్టిన చల్లని పానీయమిది. చక్కెర పాకం పైన పోసిస్తారు, వద్దనుకుంటే ‘సిన్ అసూకర్’ అనండి.