గీత మోగితే... ఎవురు పొయినారు?

"సొంత ఆల్బమ్ చేసి ఇమేజ్ మార్చుకున్న గాయకుల మీద ముఖచిత్ర కథనం. బుధవారం రాత్రికి పేజీలు వెళ్లిపోవాలి" అన్నారు ఎడిటర్. ఆయన మనసులో ఉన్నది జుట్టుకు రంగేసుకున్న పాప్ గాయనులు. నేను ఘంటసాల భగవద్గీత అన్నాను. అట్ట మీద పాత ఫొటోనా అని గొణిగినా చివరికి సరేనన్నారు. ఆత్మకూరు మీదుగా ఉదయగిరి బస్సెక్కాను. ఆ ఆల్బమ్‌ను రోజూ పనిలో పెట్టేది ఈ మెట్ట ఊళ్ల మైకుసెట్ల వాళ్లే మరి.

ఉదయగిరిలో ఒకాయన మైకుసెట్లు అద్దెకిస్తాడు. ఆంప్లిఫయర్‌కు గుచ్చిన పెన్‌డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టాడు. ల్యాప్‌టాప్‌లో చూస్తే ఫోల్డర్లు: పెళ్లి, వినాయక చవితి, ఎలక్షన్, గుడి, చావు. 'గుడి' తెరిస్తే ఘంటసాల భగవద్గీత. 'చావు' తెరిచినా అదే ఫైలు.

"ఒకటే పాట రెండు చోట్ల ఎందుకన్నా?"

"చావింటికాడ ఎతుక్కుంటా కూచోలేం సార్. పొరపాటున పెళ్లి పాట పడిందనుకో, నన్ను తంతారు."

గుడి మైకులో తెల్లవారకముందు వస్తే పర్వాలేదట. పొద్దెక్కాక గీత మోగిందా, ఆడవాళ్లు వాకిట్లోకొచ్చి "ఎవురు పొయినారు?" అని అడుగుతారట.

సొరుగు అడుగున గీత పాత క్యాసెట్లు రెండున్నాయి. మొదటిది వేశాడు. గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు సాగుతోంది. రెండోది పెడితే శుభ్రంగా, కొత్తదానిలా పలికింది. శవం లేచేదాకా మొదటిదే వెనక్కి తిప్పి తిప్పి వేసేవాళ్లట. రెండోది పెట్టే అవసరమే రాలేదు. నాకు ఈ కథంతా ఆ టేపుల్లోనే దొరికింది. చావు పుట్టుకల మాటలు రెండో అధ్యాయంలోనే వచ్చేస్తాయి. అర్జునుడు సందేహం తీరి లేచి నిలబడే ఘట్టం పద్దెనిమిదో అధ్యాయంలో గానీ రాదు. విల్లు కింద పడేసి కూలబడిన, బతికున్న మనిషికి ధైర్యం చెప్పిన పుస్తకాన్ని మనం పాడె దగ్గరే ఆపేశాం. అందుకే 'గీత వింటే వైరాగ్యం వస్తుంది' అనేవాళ్లను నేను నమ్మను. వాళ్లు విన్నది సగమే.

ఘంటసాల చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1922లో చౌటపల్లిలో పుట్టుక, విజయనగరంలో సంగీతం, 1942 ఉద్యమంలో జైలు, మద్రాసు. 'పాతాళ భైరవి', 'దేవదాసు', 'మాయాబజార్'. 1972లో రవీంద్రభారతిలో పాడుతుండగా గుండెనొప్పి. ఆసుపత్రి నుంచి వచ్చాక గీత రికార్డింగు పూర్తిచేశారు. ఇక సినిమా పాటలు వద్దనుకున్నారనీ చెబుతారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు.

ఇమేజ్ మార్పు అంటే ఇదే అనుకుంటాను. దేవదాసు తాగి తూలే గొంతూ ఇదే, 'పాతాళ భైరవి' తోటరాముడి వలపు గొంతూ ఇదే. గీతలో మాత్రం ఏడు వందల శ్లోకాల్లో కొన్నిటిని ఏరి, ఒక్కోటి పాడి, ఆ వెంటనే తాత్పర్యం ఆయనే చెబుతారు. ఆ చెప్పడంలో సంగతులు లేవు, నటన లేదు. పాఠం చెప్పే అయ్యవారిలా ఒక్కో మాటా విడదీసి పలుకుతారు. అక్షరం రాని రైతు కూడా ఆ తాత్పర్యం అప్పజెప్పగలడంటే కారణం ఆ పలుకే. కాకపోతే ఆత్మకూరులో ఒక రిటైర్డ్ టీచర్‌కు తన ఇంట్లోనే అది పెట్టుకునే వీలు లేదు. "పొద్దునే అపశకునమా?" అని వాళ్లమ్మ కట్టేస్తుంది. గీత మోగించుకుంటూ శవాన్ని మోసుకెళ్లే వైకుంఠ రథం చేసిన పని ఇది, ఘంటసాల చేసింది కాదు.

మిగిలిన ముక్కలు

సినిమా బయట ఆయనకు గీత మొదటిది కాదు. కరుణశ్రీ 'పుష్పవిలాపం' ప్రైవేటు రికార్డు అప్పటికే ఇంటింటా మోగింది.

పద్మశ్రీ 1970లో వచ్చింది. మరుసటి ఏడాది ఐరోపా, అమెరికాల్లో కచేరీలు చేశారు.

నెల్లూరువాళ్లు మావాడని చెప్పుకునే బాలసుబ్రహ్మణ్యం 'ఏకవీర' (1969)లో ఆయనతో గొంతు కలిపారు. ఉదయగిరి పెన్‌డ్రైవ్‌లో బాలు ఉన్నది 'పెళ్లి' ఫోల్డర్‌లో.