లింకరు చదువలేని వ్రాత

పూర్వపు కరణాల గొలుసుకట్టు వ్రాత అన్యులకు ఒకపట్టాన కొరుకుడుపడేది కాదు. కంపైలర్లదీ ఇంచుమించు అదే తీరు.

మామూలుగా కంపైలరు ప్రోగ్రాములోని ఒక్కొక్క భాగాన్నీ యంత్రభాషలోకి మారుస్తుంది. లింకరు వాటిని జోడిస్తుంది. జోడించే వేళ మొత్తాన్నీ ఒక్కసారిగా చూచి మెరుగుపెట్టాలంటే, కంపైలరు తన సొంత సంకేతాలలో వ్రాసి ఉంచాలి. 2010లో జీసీసీ 4.5 ఈ పద్ధతినే చేపట్టింది.

చిక్కంతా అక్కడే. ఒక జీసీసీ కూర్పు సంకేతాలను మరొక ప్రధాన కూర్పు చదువదు. పాత లైబ్రరీ లింకరు వద్ద నిలిచిపోతుంది. మూలప్రతీ పాత కంపైలరూ రెండూ చేజారితే గతి లేదు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయాన 2000లో మొదలైన ఎల్‌ఎల్‌వీఎం కొంత నయం: 3.0 నాటి వ్రాతనూ నేటి కూర్పు చదువగలదు.

సంకేతాలతోపాటు యంత్రభాషనూ ఒకే ఫైలులో ఉంచే ఉపాయం జీసీసీలోనూ ఉన్నది. ఫైలు లావెక్కుతుంది, అయినా ఇతరులకు పంపే లైబ్రరీకి ఆ లావే మేలు. కావలసినప్పుడు మెరుగు మాని, యంత్రభాషతోనే జోడించుకోవచ్చు.