కిక్కు చూసి మురవకండి.. కాగితం చూడండి!
ఆర్ఎక్స్-100 కొనేవారికి సరిహద్దు చిక్కులు

బీదర్: ఆ చప్పుడు వినబడితే చాలు.. తలలు అటే తిరుగుతాయి. యమహా ఆర్ఎక్స్-100 తయారీ 1996లోనే ఆగిపోయింది. మోజు మాత్రం తగ్గలేదు. 2018లో ఆ బండి పేరుతోనే తెలుగు సినిమా వచ్చాక గిరాకీ ఇంకా పెరిగింది. బాగున్న బండికి లక్ష రూపాయలు దాటి అడుగుతున్నవారూ ఉన్నారు. అంత సొమ్ము పోసేముందు చూడాల్సినవేమిటి? బీదర్ వారు జహీరాబాద్‌లోనో హైదరాబాద్‌లోనో కొంటే ఇంకేం చిక్కులుంటాయి?

జపాన్ నుంచి పెట్టెల్లో..

ఎనభైల్లో జపాన్ స్పోర్ట్స్ కార్లు ప్రపంచాన్ని ఊపేశాయి. మన రోడ్లకు అవి రాలేదు. ఇక్కడికి వంద సీసీ బైకులు వచ్చాయి. 1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సీడీ-100, ఆ ఏడాది చివర్లోనే ఎస్కార్ట్స్ సంస్థ ద్వారా ఆర్ఎక్స్-100 వచ్చాయి. మొదట్లో విడిభాగాలు జపాన్ నుంచే వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. అందుకే తొలినాటి బండ్లకు ఇప్పటికీ ఎక్కువ ధర పలుకుతుంది.

ఇంజన్ 98 సీసీ. బోరు 50, స్ట్రోకు 50 మిల్లీమీటర్లు. శక్తి 11 హార్స్‌పవర్. బరువు వంద కిలోల చిల్లర. అప్పటి సీడీ-100 ఇచ్చింది ఏడున్నర హార్స్‌పవరే. తేలికైన ఒళ్లు, టూ స్ట్రోక్ ఇంజన్.. దాని పరుగు రహస్యం అదే. పొగ నిబంధనలు బిగుసుకోవడంతో 1996లో దాని కథ ముగిసింది.

నంబరే జాతకం

పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఈ బండ్లకు సరిగ్గా అతుకుతుంది. కొత్త రంగు, మెరిసే క్రోమ్, స్టిక్కర్లు.. ఇవన్నీ డబ్బు పెడితే వచ్చేవే. ముందు హ్యాండిల్ కింద మెడ దగ్గర ఛాసిస్ నంబరు, ఇంజన్ కేసు మీద ఇంజన్ నంబరు చూడాలి. ఆర్ఎక్స్-100 నంబర్లు '1ఎల్1'తో మొదలవుతాయి. ఆ తర్వాత వచ్చిన 135 సీసీ బండికి వంద ట్యాంకు, వంద స్టిక్కరు తగిలించి అమ్మేవాళ్లున్నారు. వంద ఫ్రేములో 135 ఇంజన్ దించినవీ తిరుగుతున్నాయి. అనుమతి లేకుండా ఇంజన్ మారిస్తే ఆర్‌సీతో నంబరు కలవదు. అక్షరాలు వంకరగా ఉన్నా, చుట్టూ అరగదీసిన గుర్తులున్నా ఆ బండి జోలికి వెళ్లకపోవడమే మేలు. దొంగబండి అయితే సొమ్ముతో పాటు బండీ పోతుంది. పైగా పోలీస్‌ స్టేషన్ చుట్టూ తిరగాలి.

ఇంజన్ చల్లగా ఉండాలి

బండి చూడటానికి వెళ్లినప్పుడు ముందు ఇంజన్ మీద చెయ్యి వేయాలి. వేడిగా ఉంటే అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. చల్లారాకే చూడాలి. కిక్ రాడ్డును మెల్లగా తొక్కితే కాలికి గట్టిగా ఆనాలి. జారిపోయినట్టు దిగితే రింగులో, బోరో అరిగినట్టే.

మొదట కాస్త నీలం పొగ రావడం టూ స్ట్రోక్‌కు మామూలే. వేడెక్కాక కూడా తెల్లగా, దట్టంగా వస్తూ గేరు ఆయిలు కాలిన వాసన కొడితే క్రాంక్ ఆయిల్ సీలు పోయిందని అనుమానించాలి. అప్పుడు ఇంజన్ విప్పక తప్పదు. ఎన్నిసార్లు రీబోర్ అయిందో అడగాలి. బోరు పెంచిన ప్రతిసారీ సిలిండర్ గోడ పలచబడుతుంది, ఒక దశ దాటాక బ్లాకే మార్చాలి.

మరోటి.. టూటీ ఆయిల్ పంపు పనిచేస్తోందా? చాలామంది దాన్ని తీసేసి పెట్రోలులోనే ఆయిల్ కలుపుతుంటారు. తెలియక ఉత్త పెట్రోలు పోసి నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. ఒరిజినల్ సైలెన్సరు ఉంటే అదృష్టమే. మోత సైలెన్సరు పెట్టుకుంటే పోలీసుల జరిమానా తప్పదు.

బండికి సరిహద్దు ఉంది

1956 నవంబరు 1కి ముందు జహీరాబాద్, నారాయణఖేడ్ బీదర్ జిల్లాలోవే. చుట్టరికాలు నేటికీ అటూ ఇటూ నడుస్తున్నాయి. బండి మాత్రం గీత దాటితే కాగితాలు మారాలి. పాత మెదక్ జిల్లా ఏపీ-23 బండిని తెచ్చి బీదర్‌లోనే ఉంచుకుంటే 12 నెలల్లోగా ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ తేవాలి. ఇక్కడ బండి వయసును బట్టి జీవితకాల పన్ను కట్టాలి. అప్పుడే కేఏ-38 వస్తుంది. కర్ణాటక బండి అటు వెళ్లినా ఇదే తీరు.

రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాల రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 2 వేల రూపాయలకు పెంచింది. ఏళ్ల తరబడి మూలనపడ్డ బండికి పాత బకాయిలు ఎంతున్నాయో ముందే తేల్చుకోవాలి. వింటేజ్ బండి కదా అంటే కుదరదు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు నిండితేనే వింటేజ్. తొలి ఆర్ఎక్స్-100కు ఆ వయసు వచ్చేది 2035లో!

బయానా ఇచ్చేముందు..

* ఆర్‌సీ అసలు ప్రతిలోని పేరు, అమ్మే మనిషి పేరు ఒకటేనా చూడాలి. నాలుగు చేతులు మారినా పేరు మారని బండ్లు ఎక్కువ.
* నంబరు రవాణా శాఖ ఆన్‌లైన్‌లో కనబడుతోందా చూడాలి. పాత పుస్తకాల్లోనే ఉండిపోతే ముందు అమ్మేవాడితోనే ఎక్కించమనాలి.
* అప్పు, చలాన్లు, కేసులు లేవని తేల్చుకోవాలి.
* ఎన్ఓసీ చేతికొచ్చాకే మిగతా సొమ్ము ఇవ్వాలి.
* నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లాలి. ఆయన కూలి దండగ కాదు.