నౌపడలో బండి మారితే

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో ఎవరైనా సెలవు రోజున ‘కొండల్లోకి వెళ్ళొద్దాం’ అన్నారంటే అది అరకు గురించే. తెల్లారకముందే బయల్దేరడం, విజయనగరం, శృంగవరపుకోట, ఘాట్ రోడ్డు, బొర్రా గుహలు, బొంగులో చికెన్, మళ్ళీ అర్ధరాత్రికి ఇల్లు. చూసింది తక్కువ, సీట్లో కూర్చున్నది ఎక్కువ. ఇటు నరసన్నపేట దగ్గరే 326ఏ జాతీయ రహదారి మొదలై చల్లవానిపేట, సారవకోట మీదుగా పాతపట్నం, పర్లాకిమిడి, ఆపైన మోహన దాకా పోతుంది. ఆ దారిన వెళితే 1900లో పుట్టిన ఒక రైలు మార్గం, తూర్పు కనుమల్లో పేరు మోసిన ఒక శిఖరం, ఆ కొండల్లోంచి దూకే గెడ్డలు ఉన్నాయి. ఏ ఒక్కటి ఎంచుకున్నా పొద్దున వెళ్ళి రాత్రికి ఇంటికి రావచ్చు. అరకు మీద కోపం ఏమీ లేదు, దాని సంగతీ చెప్పుకుందాం. ముందు పెరటి చెట్టు.

టెక్కలి పక్కన నౌపడ. హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో వెళ్ళేవారికి అదొక చిన్న జంక్షను, కిటికీలోంచి ఉప్పు మళ్ళు కనిపించే చోటు. 1890లలో ఈ తీరం వెంట పెద్ద రైలు మార్గం పడింది. అది పర్లాకిమిడిని తాకకుండా పాతిక మైళ్ళ దూరం నుంచే వెళ్ళిపోయింది. పర్లాకిమిడి సంస్థానానికి ముఖ్యపట్టణం అదే. వంశధార, మహేంద్రతనయ నదుల మధ్య పండే ధాన్యం బయటికి పోవాలంటే నౌపడ దాకా బండ్లు కట్టాల్సిందే. అప్పటి రాజు గౌరచంద్ర గజపతి నారాయణ దేవ్ సొంతంగా రైలు వేయించే పనికి పూనుకున్నారు. 1898లో బ్రిటిష్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఏడు లక్షల రూపాయల ఖర్చుతో నౌపడ–పర్లాకిమిడి మార్గం పూర్తయి 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. దాని పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే.

పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. బ్రాడ్‌గేజ్ వెడల్పు 1,676 మిల్లీమీటర్లు కాబట్టి అందులో సగం కూడా కాదు. ఇరుకు పట్టా వేస్తే భూమి తక్కువ పడుతుంది, కట్ట సన్నగా సరిపోతుంది, వంపులు బాగా తిప్పుకోవచ్చు, ఇంజనూ పెట్టెలూ చిన్నవి. చిన్న సంస్థానాలూ జిల్లా బోర్డులూ భరించగలిగిన రైలు అది. మొదట్లో ఈ మార్గం నష్టాల్లోనే నడిచింది. 1910 తర్వాత కొద్దికొద్దిగా లాభాలు మొదలై, 1920లలో పెరిగాయి. దాంతో తర్వాతి రాజు కృష్ణచంద్ర గజపతి కాలంలో దీన్ని వంశధార లోయ వెంట 1929, 1931లలో రెండు విడతలుగా గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం 90 కిలోమీటర్లు. కృష్ణచంద్ర గజపతే 1937లో ఒరిస్సా రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి అయ్యారు. ఇప్పటి గజపతి జిల్లాకు ఆయన పేరే పెట్టారు.

ఇక్కడ ఒక పోలిక చెప్పుకోవాలి. కాల్కా–సిమ్లా రైలుదీ సరిగ్గా ఇదే రెండున్నర అడుగుల పట్టా. అది 1903లో మొదలైంది, మన నౌపడ బండికంటే మూడేళ్ళు చిన్నది. దానికి 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అంతకుముందే 1999లో డార్జిలింగ్, 2005లో నీలగిరి రైళ్ళకు ఆ గౌరవం దక్కింది. నౌపడ బండికి మాత్రం 2004 జూన్ 9న చివరి పచ్చజెండా ఊపేశారు.

ఎందుకిలా? సిమ్లా, డార్జిలింగ్, ఊటీ దొరల వేసవి విడుదులు. కొండ ఎక్కడమే అక్కడి రైలు పని, ఎక్కేవారు పర్యాటకులు. అక్కడ పట్టా మారిస్తే అందమే పోతుంది, పైగా ఆ వంపుల్లో మార్చడమూ కుదరదు. పర్లాకిమిడి రైలు మోసింది ధాన్యం బస్తాల్ని, సంతకు పోయేవాళ్ళని, బడిపిల్లల్ని. దారి చాలామటుకు లోయలోనే, వరి చేల మధ్యనే. నౌపడ చేరగానే ప్రతి బస్తానూ చిన్న పెట్టెలోంచి దించి పెద్ద పెట్టెలోకి ఎక్కించాలి. జబ్బు మనిషిని విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్ళేవారూ అక్కడ దిగి మరో బండి కోసం కాచుకోవాల్సిందే. అలాంటి చోట ‘పాత బండి ముచ్చటగా ఉంది, ఉంచేయండి’ అనడానికి బయటివాళ్ళకు నోరు రావచ్చు గానీ, రోజూ ఎక్కేవాళ్ళకు రాదు. బ్రాడ్‌గేజ్ పట్టా మీద 2010 ఆగస్టు 22న పర్లాకిమిడికి, 2011లో గుణుపురానికి మళ్ళీ బండి వచ్చింది. ఇప్పుడు విశాఖ నుంచీ పూరీ నుంచీ నేరుగా గుణుపురం వెళ్ళవచ్చు. మార్పు మంచిదే. ఐతే 90 కిలోమీటర్లలో ఏ నాలుగైదు కిలోమీటర్లో పాత పట్టా మిగిల్చి, సెలవు రోజుల్లో ఒక ఆవిరి ఇంజను నడిపి ఉంటే ఈ జిల్లాకు ఎంత పేరు వచ్చేదో ఊహించుకోవచ్చు.

పాత ఇంజను లేకపోయినా ఆ దారి పాతదే. నరసన్నపేట వారికి దగ్గరి స్టేషను తిలారు. అక్కడ ప్యాసింజరు పట్టుకుని నౌపడలో దిగి గుణుపురం బండి ఎక్కడం ఒక పద్ధతి, రోడ్డు మీద టెక్కలి దాకా వెళ్ళి అక్కడ ఎక్కడం మరో పద్ధతి. తీరిక ఉన్నవారు నౌపడనే ఎంచుకోవాలి. వేసవి ముందు నెలల్లో ఉప్పు మళ్ళలో నీరు గట్టి పడుతూ ఉంటుంది, తెల్లటి కుప్పలు గట్ల మీద వరసగా లేస్తాయి. చలికాలమైతే పక్కనే ఉన్న తేలినీలాపురంలో పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు చింతచెట్ల మీద గూళ్ళు కట్టి కనిపిస్తాయి. ఊరి చెట్ల మీదే వాటి కాపురం, పిల్లల్ని పెంచేదాకా ఊరివాళ్ళు వాటి జోలికి పోరు.

బండి టెక్కలి, టెంబూరు, గంగువాడ దాటుతుంటే కుడివైపు కొండలు దగ్గరకు జరుగుతాయి. పాతపట్నం ఆంధ్రలో చివరి స్టేషను. ఆ వెంటనే పర్లాకిమిడి, అది ఒడిశా. రెండూ దాదాపు కలిసిపోయిన ఊళ్ళే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు సంస్థానాన్ని రెండుగా పంచారు: పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు. ఒకే రాజు వేయించిన రైలు అలా రాత్రికి రాత్రి రెండు రాష్ట్రాల రైలైంది. ఈ పంపకంతో మనసు కష్టపెట్టుకున్నవారిలో గిడుగు వెంకట రామమూర్తి ఒకరు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పి, చుట్టుపక్కల కొండల్లోని సవరల ఊళ్ళు తిరిగి వారి భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసినాయన 1936లో ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. బండిలో ఈనాటికీ ఒక బల్ల మీద తెలుగు, ఎదురు బల్ల మీద ఒడియా, తలుపు దగ్గర సవర మాట వినిపించడం మామూలే.

పర్లాకిమిడిలో దిగితే గజపతుల కోట చూడవచ్చు. నీళ్ళు చూడాలంటే అక్కణ్ణుంచి జీపో ఆటోనో మాట్లాడుకుని గండహతి వెళ్ళాలి. మహేంద్రగిరి వైపు అడవుల్లోంచి వచ్చే గెడ్డ అక్కడ రాతి పలకల మీద మెట్లు మెట్లుగా జారుతుంది. కార్తీకంలో వనభోజనాల వాళ్ళతో కిటకిటలాడుతుంది. ప్రశాంతంగా చూడాలనుకునేవారు ఆదివారం మానుకోవడం మేలు.

మహేంద్రగిరి మాత్రం గండహతిలా ఒక పూటలో తేలే పని కాదు, దానికి ఒక రోజు పూర్తిగా ఇవ్వాలి. ఎత్తు 1,501 మీటర్లు. పర్లాకిమిడి వైపు నుంచి కొయిన్‌పూర్ మీదుగా పైకి రోడ్డు ఉంది. శ్రీకాకుళం వాళ్ళకు మందస నుంచి కనిపించే కొండ ఇదే. పరశురాముడు తపస్సు చేసుకునే కొండగా పురాణాలు చెబుతాయి. పైన కుంతి, భీమ, ధర్మరాజుల పేర్లతో పిలిచే చిన్న రాతి గుళ్ళు ఉన్నాయి. భీముడి గుడి దగ్గర నిలబడి చూస్తే అది కట్టిన రాళ్ళు ఎంత పెద్దవో తెలుస్తుంది: ఒక్కో బండే గోడలో పెద్ద భాగం, మధ్యలో సున్నం లేదు, బరువుకు బరువే ఆసరా. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగులు తమ కులదైవంగా కొలిచిన గోకర్ణేశ్వరుడు ఇక్కడి స్వామే. తంజావూరు నుంచి దండెత్తి వచ్చిన రాజేంద్ర చోళుడి కాలపు శాసనం కూడా ఇక్కడి రాతి మీద ఉంది, దాంతోపాటు చోళుల పులి గుర్తు. శివరాత్రికి కొండంతా జనమే. మబ్బు లేని రోజున పైనుంచి బంగాళాఖాతం కనిపిస్తుంది. ఈ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ పేరుతో రెండు ఏర్లున్నాయి. ఒకటి పర్లాకిమిడి, పాతపట్నం పక్కగా వచ్చి గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధారలో కలుస్తుంది. ఇంకొకటి బారువ దగ్గర నేరుగా సముద్రంలోకి దిగుతుంది. ఒక ఏటి మొదలూ చివరా ఒకే రోజులో చూడాలన్న సరదా ఉన్నవారికి ఇంతకన్నా అనువైన చోటు దొరకదు.

రైలు వద్దు, ఒడిశా వద్దు, జలపాతం చాలు అనుకునేవారికి సీతంపేట ఉంది. పాలకొండ దాటగానే ఏజెన్సీ మొదలవుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు ఇది పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది గానీ, నరసన్నపేట వారికి మునుపటిలాగే దగ్గర. మెట్టుగూడ జలపాతం చిన్నది, పిల్లలతో వెళ్ళేవారికి బాగుంటుంది. ఆడలి వ్యూ పాయింట్ దాకా ఎక్కితే కొండ వరసలు కనిపిస్తాయి. సీజనులో దారి పొడుగునా అనాసపళ్ళ కుప్పలు. సవర ఆడవాళ్ళు నెత్తిన గంపతో దిగి వచ్చి అమ్ముతుంటే, కార్లో వచ్చినవారు పది రూపాయల కోసం బేరమాడటం చూస్తే ఇబ్బందిగా ఉంటుంది.

ఇక అరకు. రైలు మీద మోజుతో వెళ్ళేవారు కారు వదిలి కొత్తవలసలోనో శృంగవరపుకోటలోనో కిరండూల్ ప్యాసింజరు ఎక్కాలి. రెండూ విజయనగరం జిల్లా స్టేషన్లే. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960లలో వేసిన మార్గం ఇది. నౌపడ బండిలా ఇదీ సరుకు కోసం పుట్టిందే, షికారు కోసం కాదు. దీని మీద 58 సొరంగాలున్నాయి. శిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. చాలాకాలం దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అదే ఎత్తైనదిగా పేరుపడింది. 2017 ఏప్రిల్ నుంచి అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె కూడా తగిలించారు. దానికి టిక్కెట్టు దొరక్కపోయినా బాధపడక్కర్లేదు. మామూలు పెట్టెలో తలుపు పక్క కిటికీ దొరికితే సొరంగంలో చల్లగాలి, బయటపడగానే లోయ, ఆ వెంటనే మళ్ళీ చీకటి. అద్దం చాటున ఆ గాలి తగలదు.

రోజు ఎంచుకోవడంలో రెండు మాటలు. వర్షాలు తగ్గాక జనవరి దాకా గెడ్డల్లో నీరు, కొండల మీద పచ్చదనం రెండూ ఉంటాయి. మార్చి దాటితే చాలా జలపాతాలు తడి రాళ్ళుగా మిగులుతాయి. వాన పడుతున్నప్పుడు మాత్రం ఏ జలపాతం కిందా దిగకూడదు. పైన కొండ మీద కురిసిన వాన కింద ఎండ కాస్తుండగానే ఉధృతంగా వచ్చి పడుతుంది, నాచు పట్టిన రాయి మీద పరుగెత్తి తప్పించుకోవడం కుదరదు. ఒడిశా సరిహద్దు అడవుల్లో, సీతంపేట వైపు ఏనుగులు తిరుగుతాయి. చీకటి పడేలోపు రోడ్డెక్కాలి. ఏనుగుల మంద దిగిందని ఊరివాళ్ళు చెబితే, అక్కడితో వెనక్కి తిరగాలి.

గుణుపురం దాకా రైల్లో వెళ్ళాలనుకునేవారు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. ఈ మార్గంలో రోజూ తిరిగే బండ్లు కొన్నే, వాటి వేళలు మారుతూ ఉంటాయి. టిక్కెట్టు కొనేటప్పుడే తిరుగు బండి ఎప్పుడో కనుక్కోండి. అది తప్పిపోతే రోడ్డు మీద పర్లాకిమిడి చేరి, అక్కడ బస్సెక్కి పాతపట్నం, సారవకోట మీదుగా నరసన్నపేట చేరుకోవచ్చు.