కొండ మీద మనం, కొండ కింద కారు

దూరపు కొండలు నునుపు అని పెద్దలు వూరికే అనలేదు. అయినా ఆ కొండలను దగ్గరగా చూడాలనీ, వీలైతే ఒక రాత్రి వాటి మీదనే గుడారం వేసుకొని పడుకోవాలనీ కోరిక ఈ మధ్య మన కుటుంబాలలో బాగా హెచ్చింది. చాలా ఇళ్లలో కారు వున్నది. పిల్లలు ఫోనులో బొమ్మలు చూసి పోరు పెడతారు. డిసెంబరు సెలవులు రాగానే దుప్పట్లు, గిన్నెలు సర్దుకొని బయలుదేరుతాము. గుడారం ఎక్కడ వేయాలి, ఏమి వండుకోవాలి, చలికి ఏమి కప్పుకోవాలి అని వారం రోజులు ఆలోచిస్తాము. కారును ఎక్కడ వదలాలి అన్న ఆలోచన మాత్రం దారి అయిపోయిన చోట, చీకటి పడుతున్న వేళ వస్తుంది. ఈ వ్యాసం ఆ ఒక్క సంగతిని గురించి. మేము చేసిన తప్పు మన సంఘ సభ్యులు చేయకుండా వుండాలని వ్రాస్తున్నాము.

మేము జయపురం వాసులము. మా కొరాపుట్ ప్రాంతం 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశాలో చేరింది. అంతకు ముందు మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగం. అందుచేత ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా మాకు తాతల నాటి అలవాటు. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం మా జిల్లాలోనే వున్నది. దాని ఎత్తు 1,672 మీటర్లు. విజయనగరం వైపు వారు సాలూరు దాటి, ఘాటు రోడ్డెక్కి పొట్టంగి మీదుగా వస్తారు. మేము కొరాపుట్, సెమిలిగుడ దాటి వెళతాము. కార్తీకం వెళ్లేసరికి వలిసె చేలు పూసి, లోయలలో పసుపు ఆరబోసినట్లు వుంటుంది. చోడి కోతలు అయి కళ్లాలలో కుప్పలు కనిపిస్తాయి. రాత్రి చలి మాత్రం ఎముకలు కొరుకుతుంది.

కొన్నేళ్ల క్రిందట ఒక డిసెంబరులో మేము రెండు కుటుంబాల వాళ్లము ఆ కొండలకు వెళ్లాము. దేవమాలి పైన జనం ఎక్కువగా వున్నారని విని, ఆ వరుసలోనే మరొక కొండ చూసుకున్నాము. కారు మాది కాదు, మా తోడల్లుడిది. ఆయన తాళం చేతికిస్తూ, "గీత పడకుండా తీసుకురండి" అని నవ్వుతూ అన్నారు. ఆ నవ్వులో సగం నిజమే వున్నదని మాకు తెలుసు.

తారు రోడ్డు పోయి మట్టి బాట వచ్చింది. బాట పక్కన చిన్న వూరు. నలుగురి కళ్లలో పడితే కారుకు ప్రమాదమని మాకు తోచింది. అందుకని వూరు దాటి రెండు ఫర్లాంగులు ముందుకు పోయి, మలుపులో మామిడిచెట్టు చాటున కారు నిలిపాము. ఒక పక్క గట్టు, ఇంకొక పక్క పల్లం. మోటారు సైకిలు పోవడానికి చోటు వున్నది కదా అనుకున్నాము. తలుపులు నాలుగుసార్లు లాగి చూసుకొని కొండ ఎక్కాము. గంట నడక.

రాత్రి అన్నాలయ్యాయి. పిల్లలు నిద్రపోయారు. మాకు మాత్రం కంటి మీద కునుకు లేదు. అద్దం పగలగొడతారేమో, చక్రాలు విప్పుకుపోతారేమో అని ఒకటే గుబులు. అర్ధరాత్రి దాటాక కింద, సరిగ్గా కారు వున్న మలుపులో, ఒక దీపం కదలడం కనిపించింది. ఇంకేమున్నది, దొంగలే అనుకున్నాము. మాలో ఇద్దరము టార్చి పట్టుకొని ఆ చీకటిలో దిగాము. తడిసిన గడ్డి మీద కాలు జారి, ఒకరికి మడమ బెణికింది. పల్లం వైపు జారివుంటే ఈ వ్యాసం వ్రాసేవారు వుండేవారు కారు. తీరా వెళ్లి చూస్తే ఎవరూ లేరు. కారు చెక్కుచెదరలేదు. పైన మంచు నీరు తప్ప మరేమీ లేదు.

తెల్లవారి సామాను మోసుకొని దిగేసరికి కారు దగ్గర రాతి మీద ఒక ముసలాయన గొంగళి కప్పుకొని కూర్చుని వున్నాడు. "ఈ కారు మీదేనా బాబూ?" అని వాళ్ల దేశియా మాటలో అడిగాడు. అవునన్నాము. అప్పుడు చెప్పాడు. బాట చివర, మలుపుకు అవతల నాలుగు ఇళ్లు వున్నాయట. అక్కడ ఒక పసివాడికి జ్వరం వచ్చి, రాత్రి ఫిట్సు కూడా వచ్చాయట. ఫోను చేస్తే వూళ్లోని ఆటో బయలుదేరిందిగాని మా కారు అడ్డంగా వుండడం వల్ల మలుపు దాటలేకపోయింది. తండ్రి పిల్లవాడిని భుజాన వేసుకొని, మా కారుకూ గట్టుకూ మధ్య సందులో నుండి నడిచి వచ్చి ఆటో ఎక్కాడు. మేము పై నుంచి చూసిన దీపం ఆ తండ్రి చేతిలోని ఫోను వెలుతురు.

ఆ ముసలాయన నాలుగు తిట్లు తిట్టినా మాకు తేలికగా వుండేది. తిట్టలేదు. "పిల్లాడికి తగ్గిందని ఇప్పుడే ఫోను వచ్చింది. పొద్దున్నే పిల్లలు చేరి బండి మీద గీతలు గీస్తారేమోనని కూర్చున్నాను" అన్నాడు. తిరుగుదారిలో ఆసుపత్రికి వెళ్లాము. పిల్లవాడు తల్లి ఒడిలో కూర్చొని బిస్కత్తు తింటున్నాడు. తండ్రి మమ్మల్ని చూసి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం తీసుకోవడానికి మాకు ముఖం చెల్లలేదు.

కారుకు ఎవరి వల్ల ప్రమాదమా అని రాత్రంతా ఆలోచించాము. మా కారు వల్ల ఎవరికి ప్రమాదమో ఒక్క క్షణం ఆలోచించలేదు. తరువాత ఆఫీసులో డ్రైవర్లను, మెకానిక్కులను, అటవీశాఖలో పనిచేసే మిత్రులను అడిగి కొన్ని సంగతులు తెలుసుకున్నాము. అవి ఇక్కడ వరుసగా చెబుతాము.

మొదటిది అనుమతి. కొండ అంటే ఎవరిదీ కాదని భ్రమ పడరాదు. చాలాచోట్ల అది రిజర్వు అడవి. అభయారణ్యమయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లోపలికి పోవడానికే అనుమతి కావాలి. రాత్రి వుండనిస్తారో లేదో అటవీ కార్యాలయంలో ముందుగా కనుక్కోవాలి. దిక్కూమొక్కూ లేకుండా ఒక కారు తెల్లవార్లూ నిలబడి వుంటే వూరివారికీ అనుమానమే, పోలీసులకూ అనుమానమే. చెప్పి వెళితే ఆ ఇద్దరూ మనకు తోడవుతారు.

రెండవది చోటు. జనం కంట పడని చోటే భద్రమన్నది మా మొదటి పొరపాటు. కారును దొంగిలించేవాడికి కావలసినదీ ఆ చాటే. వూరి మధ్యన, ఒక ఇంటి ముందరో, బడి గోడ పక్కనో, అడిగి పెట్టడం మేలు. బాట మీద, మలుపులో, చేనికి పోయే దారిలో, బావి దగ్గర, కళ్లంలో పెట్టరాదు. మనకు ఖాళీ స్థలంగా కనిపించే కళ్లం వాళ్లకు ఏడాది తిండి నూర్చుకునే చోటు. ఎండిన వాగు ఇసుకలో అసలే వద్దు. ఎగువన ఎక్కడో వాన పడితే రాత్రికి రాత్రి వాగు పొంగుతుంది. ఎండుకొమ్మల కింద, రాళ్లు దొర్లే చరియ కింద కూడా వద్దు. ఎండుగడ్డి మీద నిలపడం మరీ అపాయం. కొండ ఎక్కి వచ్చిన కారు కింద పొగగొట్టం భాగాలు వందల డిగ్రీల వేడి మీద వుంటాయి. ఆ వేడికి గడ్డి అంటుకుంటే కారుతోబాటు అడవీ పోతుంది.

మూడవది నిలిపే విధం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను ఇతరులకు అపాయమో, అడ్డమో అయ్యేటట్లు బండిని వదలరాదని చెబుతుంది. డ్రైవరు లేని వేళ బండి తనంతట తాను కదలకుండా యంత్రం ఆపి, బ్రేకు వేసి వుంచాలని 126వ సెక్షను అంటుంది. హ్యాండుబ్రేకు ఒక్కదానినే నమ్మరాదు. కారు ముఖం ఎగువకు వుంటే మొదటి గేరులో, దిగువకు వుంటే రివర్సు గేరులో వుంచాలి. గేర్లు మార్చే పని లేని కార్లలో 'పి' దగ్గర పెట్టి బ్రేకు వేయాలి. వాలు వైపున చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. పొద్దున్న వెళ్లేటప్పుడు ఆ రాళ్లు తీసి పక్కన పడవేయడం మరువరాదు. దారిలో వదిలిన రాయి చీకట్లో సైకిలు మీద వచ్చేవాడి తల పగలగొడుతుంది. కారు ముఖం తిరుగుదారి వైపుకు వుండేటట్లు వెలుతురు వుండగానే తిప్పి పెట్టుకోవాలి. రాత్రి ఎవరికైనా జబ్బు చేస్తే ఆ ఒక్క పనే ఎంతో సమయం కలిసి వచ్చేటట్లు చేస్తుంది.

నాలుగవది లోపలి సామాను. బయటికి కనిపించేటట్లు ఒక్క సంచీ కూడా వుంచరాదు. ఖాళీ సంచీ అయినా దొంగకు నిండుగానే కనిపిస్తుంది. సామాను డిక్కీలో సర్దడం కారు నిలిపే చోట కాక, అంతకు ముందే ముగించాలి. తినే వస్తువుల వాసనకు కోతులు, ఎలుకలు, ఒక్కోచోట ఎలుగులు కూడా వస్తాయి. ఎలుక ఇంజనులో దూరి తీగ కొరికితే తెల్లవారి కారు కదలదు. ఫలానా రోజు వస్తామని అద్దానికి చీటీ అంటించడం కూడా మంచిది కాదు. ఆ చీటీ దొంగకూ చదవడం వచ్చు. ఫోను నెంబరు వూళ్లో ఒకరిద్దరికి ఇచ్చి, తిరిగివచ్చే వేళ ఇంట్లో వారికి చెప్పి వెళ్లాలి. కొండ మీద ఫోను అందకపోవచ్చును గనుక, రెండవ తాళం మన జట్టులోనే మరొకరి దగ్గర వుంచాలి. బంపరు కింద దాచరాదు. అత్యవసరానికి 112 నెంబరు వున్నదిగాని ఏ సిగ్నలూ లేని లోయలో అది కూడా మూగదే. కారు జాడ చెప్పే పరికరాలదీ అదే గతి.

అయిదవది భీమా. అందరూ తప్పక చేయించే థర్డ్ పార్టీ భీమాకు దొంగతనంతో సంబంధం లేదు. కారు పోతే డబ్బు రావాలంటే సొంత నష్టానికి కూడా భీమా వుండాలి. కారు పోయిన వెంటనే పోలీసు ఫిర్యాదు, భీమా కంపెనీకి కబురు రెండూ కావాలి. కంపెనీవారు సాధారణంగా రెండు తాళాలూ అడుగుతారు. ఒకటి కారులోనే వదిలామంటే తగాదా తప్పదు.

చివరిది తెల్లవారి పరీక్ష. చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది. రాత్రి లోపలి దీపం వెలుగుతూ వుండిపోతే ఇక చెప్పనక్కరలేదు. తాళం తిప్పే ముందు కారు చుట్టూ ఒకసారి తిరగాలి. కింద మేకపిల్లో కుక్కపిల్లో పడుకొని వుంటుంది. చక్రాలలో గాలి, కింద నూనె మరక, ఇంజనులో ఎలుక జాడ చూసుకోవాలి. అద్దాల మీద మంచు తుడిచిన తరువాతనే కదలాలి. చలికి ఓర్వలేక కారులోనే పడుకునేవారు ఇంజను నడుపుతూగాని, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకొనిగాని నిద్రపోరాదు. ఆ విషవాయువుకు రంగూ వాసనా వుండవు.

మరుసటి ఏడు మళ్లీ అదే కొండకు వెళ్లాము. ఈసారి ముందుగా వూళ్లో ఆగి ముసలాయనను వెతికి పలకరించాము. "కారు ఎక్కడ పెట్టమంటావు తాతా?" అంటే, తన ఇంటి పెరటి పక్క స్థలం చూపాడు. అక్కడి మేకలను ఆయన మనుమడు అవతలికి తోలాడు. కాపలాకు ఇవ్వవలసినది ఇస్తామంటే, ముందు వద్దని, తరువాత తీసుకున్నాడు. ఆ మనుమడు ఎవరో పాఠకులు గ్రహించే వుంటారు. ఆ రాత్రి మేము కిందికి చూడనే లేదు. చుక్కలు చూస్తూ నిద్రపోయాము.

తాళం వేయడం మరువవద్దు. కాని తాళం వేసే ముందు ఒకసారి వెనక్కు తిరిగి, ఈ దారిన రాత్రి ఎవరైనా రావలసివస్తే ఎలా అని చూడండి. దారి వున్నదని తోచిన తరువాతనే కొండ ఎక్కండి.